పొలం వీడియోలకు ఏ లెన్స్? కొనేముందు, కొన్నాక తెలుసుకోవాల్సినవి



మన వీడియోలు చూసి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగేది విత్తనాల గురించి, కషాయాల గురించి. కొంతకాలంగా ఇంకో ప్రశ్న కూడా వస్తోంది. "మా పొలంలో జరిగేది మేమే వీడియో తీద్దామనుకుంటున్నాం, లెన్స్‌లు మార్చుకునే కెమెరా తీసుకున్నాం, దానికి ఏ లెన్స్‌లు కొనాలి?" అని. దుకాణంలో అడిగితే పెళ్లిళ్లు తీసేవాళ్లకి చెప్పే సమాధానమే మనకీ చెప్తారు. పెళ్లి పందిరికి కావాల్సింది వేరు, వరి మడికి కావాల్సింది వేరు. అందుకే ఈ వ్యాసం. దీంతోపాటు పెట్టిన వీడియోలో లెన్స్‌లు ఒక్కొక్కటి మార్చి చూపించాను. అంకెలు, లెక్కలు మాత్రం వీడియోలో గుర్తుండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. ప్రకృతి సేద్యంలో మనం నేర్చుకున్న మొదటి పాఠం, బయటి నుంచి కొనేది తగ్గించుకోవడం. లెన్స్‌ల విషయంలోనూ అదే పాఠం. కొనాల్సినవి తక్కువ, తెలుసుకోవాల్సినవి ఎక్కువ.

అసలు మార్చే లెన్స్ ఎవరికి కావాలి?

పొలం గట్టు మీద నిలబడి మాట్లాడటం, కోత చూపించడం, జీవామృతం కలపడం చూపించడం, వీటన్నిటికీ ఇప్పటి ఫోన్లు చాలు. ఫోన్ చేతగానితనం బయటపడేది మూడు చోట్ల. ఒకటి, మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పురుగుని చూపించాలన్నప్పుడు. రెండు, దూరంగా పక్షి స్థావరం మీద వాలిన పిట్టని చూపించాలన్నప్పుడు. మూడు, తెల్లవారుజామున పశువుల పాకలో చీకట్లో తీయాలన్నప్పుడు. ఈ మూడూ మీకు అవసరం లేకపోతే డబ్బులు దాచుకోండి. ఒక మంచి మైకు కొనుక్కోండి, వీడియోకి అదే ఎక్కువ మేలు చేస్తుంది.

పురుగుల కోసమే అయితే, చేతిలో ఉన్న ఫోన్‌కి 10 రెట్ల భూతద్దం అడ్డం పెట్టి కూడా చూడొచ్చు. గుర్తుపట్టడానికి అది సరిపోతుంది. వీడియోలో పదిమందికి చూపించి, "ఇది మిత్రపురుగు, దీన్ని చంపొద్దు" అని చెప్పాలనుకుంటేనే అసలైన లెన్స్ అవసరం.

లెన్స్ మీద ఉండే రెండు అంకెలు

లెన్స్ మీద చాలా అక్షరాలు ఉంటాయి. కొనేవాడు ముందు చూడాల్సింది రెండే అంకెలు.

మొదటిది ఫోకల్ లెంగ్త్. 18, 50, 250 అని మిల్లీమీటర్లలో ఉంటుంది. అంకె చిన్నదైతే ఎక్కువ మేర కనిపిస్తుంది, పెద్దదైతే తక్కువ మేర పెద్దగా కనిపిస్తుంది. ఎంత మేర అన్నది మనమే లెక్క కట్టుకోవచ్చు. సెన్సర్ వెడల్పుని దూరంతో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే చాలు. మనలో చాలామంది వాడే ఏపీఎస్-సీ కెమెరాల్లో సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు (కానన్‌లో కొంచెం తక్కువ, 22.3). మీరు మొక్కకి 10 మీటర్ల దూరంలో నిలబడితే:

- 18 మి.మీ. లెన్స్‌తో సుమారు 13 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది.
- 50 మి.మీ. లెన్స్‌తో 4.7 మీటర్లు.
- 250 మి.మీ. లెన్స్‌తో 94 సెంటీమీటర్లు.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా అయితే సెన్సర్ 36 మిల్లీమీటర్లు. అదే లెన్స్ అందులో ఒకటిన్నర రెట్లు ఎక్కువ మేర చూపిస్తుంది. అందుకే స్నేహితుడి ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో చూసి నచ్చిన లెన్స్ మన కెమెరాకి పెడితే "ఇదేంటి, ఇంత దగ్గరగా ఉంది" అనిపిస్తుంది. లెన్స్ మారలేదు, సెన్సర్ మారింది.

రెండో అంకె ఎపర్చర్. ఎఫ్/1.8, ఎఫ్/3.5, ఎఫ్/5.6 అని ఉంటుంది. లెన్స్ కన్ను ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పేది ఇదే. ఇక్కడ అంకె చిన్నదైతే కన్ను పెద్దది. 50 మి.మీ. ఎఫ్/1.8 అంటే 50ని 1.8తో భాగించాలి, సుమారు 28 మిల్లీమీటర్ల రంధ్రం. ఎఫ్/5.6తో పోలిస్తే ఎఫ్/1.8 సుమారు 10 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి రానిస్తుంది. పాకలో ఒక్క బల్బు వెలుగులో పాలు పితకడం తీసేటప్పుడు ఈ 10 రెట్ల విలువ తెలుస్తుంది.

దీనికో ఖరీదు ఉంది. కన్ను పెద్దగా తెరిస్తే ఫోకస్ ఉండే లోతు తగ్గిపోతుంది. రైతు ముఖం స్పష్టంగా ఉంటుంది, చేతిలో చూపిస్తున్న కంకి మసకగా ఉంటుంది. మన వీడియోల్లో ముఖం కన్నా కంకి ముఖ్యం. కాబట్టి పగటిపూట ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్య పెట్టుకుంటే మనిషీ, చేతిలో మొక్కా రెండూ స్పష్టంగా వస్తాయి.

ఏ పనికి ఏ లెన్స్?

*పొలం మొత్తం చూపించడానికి, రోజువారీ పనికి:* కెమెరాతో పాటు వచ్చే 18–55 లెన్స్. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నా వీడియోల్లో సగానికి పైగా దీంతో తీసినవే. కొత్తగా వచ్చే 18–55లు చాలావరకు 25 సెంటీమీటర్ల దగ్గర నుంచి ఫోకస్ చేస్తాయి. 55 దగ్గర పెట్టి అంత దగ్గరికి వెళ్తే సుమారు 6 సెంటీమీటర్ల మేర తెర నిండా వస్తుంది. వేరు మీద బుడిపెలు, వానపాము విసర్జన కుప్ప, ఆకు మీద మచ్చ, ఇవన్నీ దీంతోనే అయిపోతాయి.

*రైతుతో మాట్లాడటానికి, పాకలో, సాయంత్రం వెలుగులో:* 50 మి.మీ. ఎఫ్/1.8. పెద్ద కంపెనీల్లో చౌకగా దొరికే లెన్స్‌లలో ఇదొకటి, బరువు కూడా తక్కువ. రైతుకి రెండున్నర, మూడు మీటర్ల దూరంలో కూర్చుని తీయొచ్చు. అంత దూరంలో ఉంటే పెద్దవాళ్లు కెమెరాని మర్చిపోయి మామూలుగా మాట్లాడతారు. 18 మి.మీ. లెన్స్‌తో ముఖం నిండా తీయాలంటే మీదమీదకి వెళ్లాలి. అప్పుడు ముక్కు పెద్దదై ముఖం వికారంగా వస్తుంది, మాట్లాడే మనిషీ ఇబ్బంది పడతాడు. ఒక పెద్దాయన 40 ఏళ్ల సేద్యం గురించి చెప్తుంటే, ఆయన ముఖం ఆయన ముఖంలా కనిపించాలి. అది మనం ఇవ్వాల్సిన మర్యాద.

*పక్షులకి, దూరపు విషయాలకి:* 55–250 లేదా 70–300. చేలో కర్రలతో పక్షి స్థావరాలు పెట్టమని మనం చెప్తూనే ఉంటాం. పాలపిట్ట, గోరింక వచ్చి వాలి పురుగుని పట్టుకోవడం ఒక్కసారి చూపిస్తే, వంద మాటలు చెప్పక్కర్లేదు. కానీ 250 మి.మీ. దగ్గర చేతి వణుకు కూడా 250లాగే పెద్దగా కనిపిస్తుంది. ఫోటో అయితే సెకనులో 400వ వంతు షట్టర్ పెట్టి గట్టెక్కొచ్చు. వీడియోకి అలా కుదరదు, స్టాండు ఉండాల్సిందే. స్టాండు లేకపోతే గట్టు మీద ఇసుక సంచి, లేదా ధాన్యం నింపిన చిన్న సంచి పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి.

ఒక జాగ్రత్త. అద్దంలోంచి కంటితో చూసే డీఎస్ఎల్ఆర్ కెమెరాకి ఇలాంటి పెద్ద లెన్స్ తగిలించి ఎప్పుడూ సూర్యుడి వైపు చూడొద్దు. భూతద్దం కింద గడ్డి కాలినట్టే కన్ను దెబ్బతింటుంది. పిల్లలకి కూడా చెప్పండి.

*పురుగులకి:* మాక్రో లెన్స్. నైకాన్ వాళ్లు దీన్నే మైక్రో అంటారు. అసలైన మాక్రో లెన్స్ అంటే 1:1, అంటే పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద బొమ్మ కూడా అంతే పడుతుంది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

పురుగు ఎంత పెద్దగా కనిపిస్తుంది?

1:1 దగ్గర తెర మొత్తం 23.5 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్ల అక్షింతల పురుగు తెరలో పావు వంతు ఆక్రమిస్తుంది, బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మిల్లీమీటరు పొడవుండే తామర పురుగు మాత్రం తెరలో 23వ వంతే. 4కె వీడియోలో 3840 చుక్కల వెడల్పు ఉంటుంది కాబట్టి తామర పురుగుకి సుమారు 160 చుక్కలు దక్కుతాయి. గుర్తుపట్టొచ్చు, అంతే. కాబట్టి "మాక్రో కొంటే తామర పురుగు కాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు" అని ఎవరైనా అంటే నమ్మకండి.

అయితే మనకి ఎక్కువగా కావాల్సింది అక్షింతల పురుగే, దాని పిల్ల పురుగే. పెద్ద పురుగుని అందరూ గుర్తుపడతారు. పిల్ల పురుగు నల్లగా, పొడుగ్గా, ముళ్లముళ్లుగా ఉంటుంది, తల్లి పోలికే ఉండదు. పేనుబంకని తినేది అది కూడా. దాన్ని చూసి కొత్త పురుగేదో పడిందని అగ్నిఅస్త్రం కొట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆకు మీద వెంట్రుక లాంటి కాడ చివర నిలబడి ఉండే అల్లిక రెక్కల పురుగు గుడ్లు చూసి బూజు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఒక్క స్పష్టమైన క్లిప్పు ఒక పిచికారీని ఆపుతుంది. మాక్రో లెన్స్ ఖర్చుకి నాకు తెలిసిన సమర్థన ఇదే.

మాక్రోలో ఏ ఫోకల్ లెంగ్త్? 60 మి.మీ. మాక్రో 1:1కి వెళ్లాలంటే లెన్స్ మూతికీ పురుగుకీ మధ్య సుమారు 9 సెంటీమీటర్లే ఉంటాయి. నీడ పడుతుంది, పురుగు ఎగిరిపోతుంది. 90, 100, 105 మి.మీ. మాక్రోలకి ఇంకొంచెం ఎడం దొరుకుతుంది. పొలానికి ఇవే మేలు. పైగా రైతు ముఖం తీయడానికీ పనికొస్తాయి.

మాక్రో కొనే స్తోమత ఇప్పుడు లేకపోతే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఉన్నాయి. ఇవి ఉత్త గొట్టాలు, లోపల అద్దం ఉండదు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెడితే లెన్స్ ఇంకా దగ్గరికి ఫోకస్ చేస్తుంది. లెక్క తేలిక. గొట్టం పొడవుని ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 50 మి.మీ. లెన్స్‌కి 36 మి.మీ. గొట్టం పెడితే 0.72, అంటే అసలు సైజులో దాదాపు ముప్పావు వంతు. అక్షింతల పురుగుకి ఇది చాలు. కొనేటప్పుడు కరెంటు పిన్నులు ఉన్నవే తీసుకోండి. పిన్నులు లేనివి చౌకే, కానీ ఇప్పటి లెన్స్‌లు చాలావాటిలో ఎపర్చర్ మార్చడం కుదరదు. గొట్టం ఉన్నంతసేపు దూరంవి ఫోకస్ కావు, అది గుర్తుంచుకోవాలి.

మాక్రో ఏదైనా ఒక కష్టం తప్పదు. 1:1 దగ్గర ఎఫ్/8 పెట్టినా ఫోకస్ లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. కన్ను స్పష్టంగా ఉంటే తోక మసక. ఎఫ్/11 దాటించి ఇంకా మూస్తే లోతు పెరుగుతుంది గానీ బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. దీనికి లెన్స్ కన్నా పద్ధతి ముఖ్యం:

1. పొద్దున్నే, ఎండ ముదరకముందు తీయండి. గాలి తక్కువ, చల్లదనానికి పురుగులూ మందకొడిగా ఉంటాయి.
2. ఒక కర్ర నాటి, బట్టల క్లిప్పుతో కొమ్మని దానికి పట్టించండి. ఊగడం ఆగుతుంది.
3. ఫోకస్ రింగు తిప్పుతూ వెతకొద్దు. చేత్తో ఫోకస్ ఒకచోట పెట్టి, కెమెరానే ముందుకీ వెనక్కీ జరపండి.
4. పురుగుకి సమాంతరంగా, పక్క నుంచి తీయండి. ఉన్న ఆ కాస్త లోతులో ఒళ్లంతా ఇముడుతుంది.

లెన్స్ అబద్ధం చెప్పగలదు

ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. మన వీడియో చూసేవాళ్లు వినోదం కోసం చూడరు. చూసి, వచ్చే సీజన్లో సాళ్ల మధ్య ఎంత ఎడం పెట్టాలి, ఈ పంట వేయాలా వద్దా అని నిర్ణయం తీసుకుంటారు. వాళ్ల పెట్టుబడి, వాళ్ల ఏడాది కష్టం మన బొమ్మ మీద ఆధారపడుతుంది. లెన్స్ ఎంపికతో ఆ బొమ్మని ఎటు కావాలంటే అటు వంచొచ్చు.

ఉదాహరణ చెప్తాను. 8 మీటర్ల ఎడంలో రెండు కొబ్బరి చెట్లు ఉన్నాయి. 18 మి.మీ. లెన్స్‌తో మొదటి చెట్టుకి 2 మీటర్ల దగ్గర నిలబడితే, రెండోది 10 మీటర్ల దూరంలో ఉంటుంది. బొమ్మలో మొదటిది రెండోదానికి 5 రెట్లు కనిపిస్తుంది. తోట ఎంతో విశాలంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అదే చెట్లని 50 మీటర్ల దూరం నుంచి 250 మి.మీ. లెన్స్‌తో తీయండి. ఒకటి 50 మీటర్లు, ఇంకొకటి 58 మీటర్లు. సైజులో తేడా ఆరో వంతు కూడా ఉండదు. రెండు చెట్లూ ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి. చెట్లు కదల్లేదు, మనం కదిలాం.

వరిలో ఇది ఇంకా ప్రమాదం. శ్రీ పద్ధతిలో 25×25 సెంటీమీటర్ల ఎడంతో నాటిన మడిని గట్టు మీద కింద కూర్చుని పెద్ద లెన్స్‌తో తీస్తే, చీమ దూరే సందు లేనట్టు కనిపిస్తుంది. చూసిన రైతు "ఇంత ఒత్తుగా ఉందంటే పిలకలు ఎన్ని వచ్చాయో" అనుకుంటాడు. అదే చేనుని పైనుంచి 18 మి.మీ.తో తీస్తే పలచగా కనిపిస్తుంది. మొక్కకి అంగుళాల దగ్గరికి వెడల్పు లెన్స్ పెడితే బుడమ కాయ కూడా గుమ్మడికాయలా కనిపిస్తుంది.

అందుకని నేను కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాను, మీరూ పాటించండి:

- ఎడం చూపించాలంటే నేల మీద టేపు పరిచి, నిటారుగా పైనుంచి తీయాలి. అంకెలు తెర మీద కనిపించాలి.
- ఎత్తు చూపించాలంటే పక్కన మనిషి నిలబడాలి. మొక్క వెనకో ముందో కాదు, మొక్కతో సమానంగా అదే దూరంలో.
- కాయ, గడ్డ, కంకి చూపించాలంటే చేతిని లెన్స్ వైపు చాచొద్దు. పక్కన స్కేలు గానీ, తక్కెడ గానీ ఉండాలి.
- రెండు మడులు పోల్చి చూపించేటప్పుడు లెన్స్ ఒకటే, దూరం ఒకటే, కెమెరా ఎత్తు ఒకటే, వీలైతే వెలుగు వేళ కూడా ఒకటే.

రంగు విషయంలోనూ ఇలాంటిదే ఉంది. పోలరైజర్ అనే ఫిల్టర్ ఆకుల మీద మెరుపుని తీసేస్తుంది. మెరుపు పోగానే ఆకు ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. వరి ఆకు రంగు చూసి నత్రజని సరిపోయిందా లేదా అని అంచనా వేసే అలవాటు మనకుంది, దానికి ఆకు రంగుల పట్టిక కూడా ఉంది. అలాంటప్పుడు పోలరైజర్ పెట్టి తీసిన మడిని చూపించి "చూడండి ఎంత పచ్చగా ఉందో" అంటే అది చేను గొప్పతనం కాదు, ఫిల్టర్ గొప్పతనం. అజొల్లా తొట్టిలో అడుగు కనిపించడానికి, వరి మడిలో నీళ్ల కింద చేపపిల్లల్ని చూపించడానికి పోలరైజర్ చాలా బాగా పనికొస్తుంది. పంట పచ్చదనం చూపించేటప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టండి.

ఎండలో వీడియో, ఎన్‌డీ ఫిల్టర్

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 50వ వంతు పెడితే బల్బుల కింద తెర మినుకుమినుకుమనదు, కదలికలు కూడా సహజంగా ఉంటాయి. కానీ నడి ఎండలో, ఐఎస్ఓ 100 పెట్టి, ఈ షట్టర్‌తో తీయాలంటే ఎపర్చర్ ఎఫ్/22కి మూయాల్సి వస్తుంది. అక్కడ బొమ్మ మెత్తబడుతుంది. అందుకే ఎన్‌డీ ఫిల్టర్ అనే నల్లద్దం. ఎఫ్/22 నుంచి ఎఫ్/4కి రావాలంటే 5 మెట్లు దిగాలి, దానికి ఎన్‌డీ 32 సరిపోతుంది.

తిప్పి తగ్గించుకునే ఎన్‌డీలు కూడా దొరుకుతాయి. వాటిలో ఉండేది రెండు పోలరైజర్లు. అంటే పైన చెప్పిన ఆకు రంగు సమస్య వాటితోనూ వస్తుంది. పంట చూపించే మనలాంటివాళ్లకి మార్పు లేని ఎన్‌డీయే మంచిది.

ఫిల్టర్ కొనేటప్పుడు లెన్స్ ముందు భాగం వ్యాసం చూసుకోండి. ఒక్కో లెన్స్‌కి ఒక్కో సైజు ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద సైజుకి ఒక ఫిల్టర్ కొని, మిగతావాటికి స్టెప్ రింగులు వేస్కుంటే ఖర్చు కలిసొస్తుంది.

మౌంట్: పెళ్లి సంబంధం లాంటిది

కెమెరాకి లెన్స్ అతుక్కునే చోటుని మౌంట్ అంటారు. చాలావరకు ఏ కంపెనీ మౌంట్ దానిదే. ఒకే కంపెనీలో కూడా పాతది, కొత్తది ఉంటాయి. నైకాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచి ఉంది, కొత్త జెడ్ మౌంట్ 2018లో వచ్చింది. కానన్ ఈఎఫ్ 1987 నాటిది, ఆర్ఎఫ్ 2018లో వచ్చింది. సోనీ ఈ మౌంట్ 2010లో వచ్చింది.

పాత లెన్స్‌ని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాకి అడాప్టర్‌తో పెట్టొచ్చు. దీనికి కారణం దూరం. కానన్ ఈఎఫ్‌లో మౌంట్ నుంచి సెన్సర్‌కి 44 మిల్లీమీటర్లు, ఆర్ఎఫ్‌లో 20. మధ్యలో 24 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, అందులో అడాప్టర్ పడుతుంది. కొత్త మిర్రర్‌లెస్ లెన్స్‌ని పాత డీఎస్ఎల్ఆర్‌కి పెట్టడం మాత్రం కుదరదు, అక్కడ చోటే లేదు. కాబట్టి ముందు మీ ఊళ్లో, మీ బంధువుల్లో ఎవరి దగ్గర ఏ మౌంట్ లెన్స్‌లు ఉన్నాయో కనుక్కోండి. అదే మౌంట్ తీసుకుంటే ఒకరి లెన్స్ ఒకరు వాడుకోవచ్చు. విత్తనాలు ఇచ్చిపుచ్చుకున్నట్టే.

పాత లెన్స్ కొనేటప్పుడు

మిర్రర్‌లెస్‌కి మారిన పెళ్లి ఫోటోగ్రాఫర్లు పాత డీఎస్ఎల్ఆర్ లెన్స్‌లు అమ్మేస్తున్నారు. మన పనికి అవి దివ్యంగా సరిపోతాయి. కొనేముందు ఇవి చూడండి:

- రెండు మూతలూ తీసి, ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి పక్కవాటుగా చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే బూజు పట్టినట్టే, వద్దు. పొగమంచు లాంటి పొర ఉన్నా వద్దు. నాలుగు దుమ్ము రేణువులు ఉంటే ఫర్వాలేదు.
- ఎపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తోందేమో చూడండి. నూనె ఉంటే రేకులు నెమ్మదిస్తాయి.
- ముందు అద్దం మీద సన్నటి గీత పెద్ద లోపం కాదు. వెనక అద్దం మీద గీత మాత్రం బొమ్మలో కనిపించే అవకాశం ఎక్కువ.
- గోడకి న్యూస్‌పేపర్ అంటించి, సూటిగా ఎదురుగా నిలబడి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఫోటో తీయండి. నాలుగు మూలలూ ఒకేలా ఉండాలి. ఒక్క మూల మాత్రమే బాగా మసకగా ఉంటే లెన్స్ ఎప్పుడో కింద పడిందని అనుమానించాలి.
- మీ కెమెరాకే తగిలించి ఆటోఫోకస్ చూడండి. ఫోకస్ మోటారు చప్పుడు మైకులో వినిపిస్తుందేమో ఒక నిమిషం రికార్డు చేసి వినండి.

కొన్నాక: దుమ్ము, తేమ, జీవామృతం

పొలంలో లెన్స్ మార్చడం అంటే గాయం కట్టు విప్పినట్టే, ఎంత త్వరగా మూస్తే అంత మంచిది. నూర్పిడి జరిగే చోట, తూర్పారబట్టే చోట, మిరప కళ్లంలో లెన్స్ మార్చొద్దు. తప్పనిసరి అయితే కెమెరా ఆపేసి, గాలికి వీపు పెట్టి, కెమెరా నోరు నేల వైపు ఉంచి మార్చండి. పెట్టబోయే లెన్స్ వెనక మూత ముందే వదులు చేసి ఉంచుకోండి. నేను పొద్దున్న ఇంట్లోనే ఆ రోజు పనికి తగ్గ లెన్స్ తగిలించి బయల్దేరతాను. ఎక్కువ రోజులు మార్చాల్సిన అవసరమే రాదు.

సెన్సర్ మీద దుమ్ము పడిందో లేదో తెలుసుకోవడానికి, ఎఫ్/16 పెట్టి ఆకాశం ఫోటో తీయండి. నల్ల మచ్చలు ఒకేచోట కనిపిస్తుంటే దుమ్ము ఉన్నట్టు. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది. కండువా కొసతో అద్దం తుడవొద్దు, అందులో ఉన్న ఇసుక రేణువులు గీకేస్తాయి. ముందు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖర్న మాత్రమే లెన్స్ ద్రవం వేసిన గుడ్డ. ద్రవం గుడ్డ మీద వేయాలి, అద్దం మీద కాదు.

జీవామృతం, కషాయాలు చిలికే చోట లెన్స్ ముందు మామూలు యూవీ ఫిల్టర్ పెట్టుకోండి. బెల్లం, పిండి, పేడ కలిసిన చుక్క ఎండిందంటే జిగురులా పట్టేస్తుంది. ఫిల్టర్ అయితే ఊడదీసి నీళ్లతో కడిగేయొచ్చు, లెన్స్‌ని కడగలేం.

ఇక తేమ. విత్తనానికీ లెన్స్‌కీ శత్రువు ఒక్కటే. పుట్టమట్టిలో శిలీంధ్రం మనకి చుట్టం, లెన్స్‌లో మాత్రం దొంగ. బూజు బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి, తేమ దొరికినప్పుడే మొలుస్తాయి. అది వదిలే ఆమ్లం అద్దం పూతని తినేస్తుంది, తర్వాత శుభ్రం చేయించినా మచ్చ పోదు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ మీటరు పెట్టుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. బియ్యంలో పెడితే తేమ పీలుస్తుందంటారు, కానీ తవుడు దుమ్ము లోపలికి పోతుంది, వద్దు. కలరా ఉండలు, కర్పూరం ఉన్న బీరువాలో పెట్టొద్దు. తోలు సంచిలో నెలల తరబడి ఉంచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. అన్నిటికన్నా మంచి మందు, వారానికోసారి బయటికి తీసి వాడటం.

ఏసీ కారులోంచి ఒక్కసారిగా వానాకాలపు గాలిలోకి తీస్తే అద్దం మీద చెమట పడుతుంది. సంచి మూసి ఉంచే అరగంట బయట పెట్టి, తర్వాత తెరవండి. మే నెల ఎండలో మూసిన కారులో లెన్స్ వదిలేయొద్దు, లోపలి నూనె కరిగి రేకుల మీదకి పాకుతుంది.

ఏ వరుసలో కొనాలి?

ముందు 18–55, ఏడాది పాటు దాంతోనే తీయండి. ఆ ఏడాదిలో "ఇది తీయలేకపోయాను" అని మీకు అనిపించిన ప్రతిదీ ఒక పుస్తకంలో రాసుకోండి. చీకటి అని ఎక్కువసార్లు రాస్తే 50 ఎఫ్/1.8 కొనండి. పురుగు అని రాస్తే ట్యూబులు, ఆ తర్వాత పాత మాక్రో. పిట్ట అని రాస్తే 55–250, దానికన్నా ముందు గట్టి స్టాండు. పుస్తకం ఖాళీగా ఉంటే ఏమీ కొనక్కర్లేదు. దుకాణం వాడి మాట కన్నా, యూట్యూబ్‌లో నా మాట కన్నా, మీ పొలం అడిగిందే వినండి.

ఇంకొక్క విన్నపం. తీసిన ప్రతి వీడియోలో పంట వయసు, ఎడం, నేల రకం, ఆ రోజు తేదీ నోటితో చెప్పండి. లెన్స్ ఎంత మంచిదైనా ఇవి చూపించలేదు. మన వీడియో చూసి విత్తనం వేసే రైతుకి ఇవే కావాలి. పై వీడియోలో ఒకే మడిని మూడు లెన్స్‌లతో తీసి పక్కపక్కన పెట్టాను, ఒకసారి చూడండి. ఏ చేను ఒత్తుగా ఉందనిపిస్తుందో ముందు మీరే అనుకుని, తర్వాత టేపు చూడండి.

సందేహాలుంటే అడగండి, తెలిసినంత వరకు చెప్తాను.